చేపల కొట్టు పడమటి గోడ

నాది అనుమానపు పుట్టుక. పెరుగు సరిగ్గా తోడుకోకపోతే పాలు పోసినవాడి మొహమే ముందు గుర్తొచ్చేది. గుమ్మంలో నిలబడి ఎవరైనా ఊరికే నవ్వితే, ఏం అడగడానికి వచ్చారా అని చూసేదాన్ని. మా అత్త తల బాదుకునేది. “ఓలమ్మ, నీ నీడ నీ ఎనకాల వత్తంటే కూడా ఎందుకొత్తన్నావని అడుగుతావే నువ్వు” అనేది. ఆవిడ నవ్వేది, నేను నవ్వేదాన్ని కాదు. ఇరవై రెండేళ్ళకు మొగుణ్ణి పోగొట్టుకుని, దినాలు కాకముందే అయినవాళ్ళందరూ ఒక్కొక్కరే జారుకోవడం కళ్ళారా చూసిన మనిషికి నమ్మకం ఏ సంతలో దొరుకుతుంది చెప్పండి. నాకైతే దొరకలేదు.

మా ఊరు భావనపాడు నుంచి టెక్కలి పోయే బండిదారి మీద ఉంది. అప్పటికి రైలు వచ్చి కొన్నేళ్ళే అయింది. ఒడ్డున దొరికే సరుకంతా, ఎండుచేపలూ కొబ్బరీ ఉప్పూ, మా గుమ్మం ముందు నుంచే బండ్ల మీద స్టేషనుకు పోయేది. నా పెనిమిటి ఓడెక్కి రంగూన్ వెళ్ళాడు. మా వైపు దాన్ని రంగం అంటారు. అక్కడ మూడేళ్ళు బియ్యం మిల్లులో బస్తాలు మోసి, నడుం వంగిపోయి తిరిగొచ్చాడు. వచ్చీ రాగానే ఇంటి పక్క ఖాళీ జాగాలో ఒక కొట్టు కట్టాడు. నాలుగు మట్టిగోడలు, పైన తాటాకు కప్పు, దారి వైపు ఒక తలుపు. “బండోళ్ళు సరుకు దించుకుంతారు, అద్దె వత్తాది, మరి నాను ఓడెక్కక్కర్నేదు” అన్నాడు. ఆ మాట అన్న రెండో ఏడు వానాకాలంలో జ్వరం తగిలింది. తొమ్మిది రోజులే ఉన్నాడు.

మిగిలింది నేనూ, మా అత్తా, ఆ కొట్టూ. మాకు సెంటు పొలం లేదు. ఆ నాలుగు గోడలూ నిలబడితే మేమిద్దరం నిలబడతాం, అవి పడితే మేమూ పడతాం. మళ్ళీ కట్టించుకునే శక్తి మాకు లేదు, రంగూన్ వెళ్ళే ఇంకో మనిషీ లేడు. అందుకని ఆ గోడల మీద నాకు ప్రాణం. పొద్దున్నే లేచి ముఖం కడుక్కోకముందే వాటిని ఒకసారి చుట్టి వచ్చేదాన్ని.

మొదట ఒక కొబ్బరికాయల వ్యాపారి ఏడాది ఉండి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాన్నాళ్ళు ఎవరూ రాలేదు. అలాంటప్పుడు భావనపాడు నుంచి ఒక చేపల వ్యాపారి వచ్చాడు. వాళ్ళది వేటకు వెళ్ళే కుటుంబమే. అతను మాత్రం పడవ దిగి, ఒడ్డున ఎండబెట్టిన చేపలు కొని రైలుకు వేయడం మొదలుపెట్టాడు. నలభై ఏళ్ళుంటాయి. ఎండకీ ఉప్పుగాలికీ మాడిన మనిషి, మాట తక్కువ. కంపు కొడుతుందని ఈ దారిలో ఎవరూ చేపలకు కొట్టు ఇవ్వడం లేదట. మా అత్త ముక్కు మూసుకుంది. “ఇంటి పక్కన సేపలేటే?” అంది. ఆవిడకు చేపల కూర అంటే ప్రాణం, అది వేరే సంగతి.

నాకు కంపు గురించి బెంగ లేదు. నాకు అనుమానం వచ్చింది ఇంకో విషయంలో. నేను అడిగిన అద్దెకు అతను బేరం ఆడలేదు. “అలాగేనమ్మా” అన్నాడు, అంతే. బేరం ఆడకుండా ఒప్పుకున్నవాణ్ణి ఎలా నమ్మడం? మనసులో ఏదో పెట్టుకునే ఒప్పుకున్నాడనుకున్నాను. అందుకే నోటిమాట చాలదని పట్టుబట్టి, ఊళ్ళో ఇద్దరు పెద్దమనుషుల ముందు కాగితం రాయించాను. మా నాన్న నాకు చిన్నప్పుడే అక్షరాలు నేర్పాడు కాబట్టి, రాసినదాన్ని నాలుగుసార్లు చదువుకుని గానీ ఒప్పుకోలేదు. ఏటేటా వానలకు ముందు కప్పు మీద కొత్త తాటాకు వేయించడం అద్దెదారు పని. గోడలు కాలం వల్ల చెడితే బాగుచేయించడం నా పని. లోపల పెట్టిన సరుకు వల్ల చెడితే మాత్రం అతనే కట్టించాలి. ఈ చివరిమాట నేనే చేర్పించాను. అతను విని, కాసేపు నేల చూసి, వేలిముద్ర వేశాడు.

ఆ కాసేపు నేల చూడడం నాకు చాన్నాళ్ళు గుర్తుండిపోయింది.

అతను లోపల పడమటి గోడ దగ్గర, మూరెడు ఎడం వదిలి, వెదురుతో మంచె కట్టాడు. ఎండుచేపలు నింపిన తాటాకు బుట్టలన్నీ దాని మీదే పేర్చేవాడు. మా పెరటి చెట్ల నీడకు అటువైపు ఎండ తగలదు, చల్లగా ఉంటుందని. మిగతా మూడు గోడలూ, లోపలి నేలా అతని భార్య పండగ పండగకీ వచ్చి అలికి పోయేది. పడమటి గోడకు బయటివైపు మా పెరడు. ఆ వైపు అలకడం నా వంతు.

మా ఊళ్ళో రెండు బావులు. మా పెరటి వెనకాల ఉన్నది ఉప్పుబావి. మంచినీళ్ళ బావి పొలాలు దాటి అవతల ఉంది. తాగడానికీ వండడానికీ అక్కడినుంచి బిందెతో మోసుకొచ్చేవాళ్ళం. అంట్లకీ అలుకుకీ ఉప్పుబావి నీళ్ళే. ఊళ్ళో ఆడవాళ్ళందరూ చేసేది అంతే, అందులో వింతేమీ లేదు.

ఊళ్ళో వాళ్ళు గోడలు అలికేది ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో. నేను మాత్రం ప్రతి వారం అలికేదాన్ని. ఎందుకో సిగ్గు విడిచి చెప్తున్నాను. అలకడం నెపం. పేడా ఎర్రమన్నూ కలిపిన కుండ పక్కన పెట్టుకుని, ఒక చేత్తో అలుకుతూ చెవి గోడకు ఆనించేదాన్ని. లోపల ఏం చేస్తున్నారో, ఏం మాట్లాడుకుంటున్నారో వినాలి. ఎండు చేపలకని తీసుకుని పచ్చి చేపలు పెడుతున్నాడేమో. నాకు చెప్పకుండా ఇంకొకడికి సగం కొట్టు ఇచ్చాడేమో. బుట్టలు దించిన చప్పుడు వినిపించేది. ఆలుమగలు నవ్వుకోవడం వినిపించేది. నా గురించే నవ్వుకుంటున్నారని నాకు ఖాయంగా తోచేది. అలికిన గోడ ఆరిపోయి నున్నగా మెరుస్తుంటే, చూశావా ఎంత శ్రద్ధగా చూసుకుంటున్నానో అని చచ్చిపోయిన మొగుడితో మనసులో చెప్పుకునేదాన్ని.

కప్పు వేయించే రోజున నేను నిచ్చెన కింద నిలబడి ఆకులు లెక్కపెట్టేదాన్ని. ఎక్కడైనా పలచగా వేస్తున్నారేమోనని. ఒకసారి నేనే నిచ్చెనెక్కాను. అతని భార్య కింద నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “పడిపోతావమ్మా, దిగు” అన్నాడు అతను. నేను పడితే నీకే కదా లాభం అనుకున్నాను. ఆ కప్పులో మూడేళ్ళూ చినుకు దిగలేదు, అది ఒప్పుకోవాలి.

మూడో ఏడు దాటాక పడమటి గోడకు ఏదో పట్టుకుంది.

మొదట మోకాలెత్తున తెల్లగా పిండి చల్లినట్టు పొంగింది. వేలితో రాస్తే పొడి రాలింది. తర్వాత పెచ్చులు ఊడడం మొదలైంది. నేను గాభరాపడి వారానికి రెండుసార్లు అలకడం మొదలుపెట్టాను. అలికిన నాలుగు రోజులు బాగానే ఉండేది, మళ్ళీ పొంగేది. అలికేకొద్దీ ఎక్కువైంది. ఎండాకాలం నడుమకి వచ్చేసరికి గోడ మా పెరటివైపు కడుపొచ్చినట్టు ఉబ్బింది, అడుగున జానెడు లోతున తినేసింది. మిగతా మూడు గోడలూ రాయిలా ఉన్నాయి. ఒక్క పడమటి గోడే. మంచె ఉన్నది ఆ గోడ పక్కనే. ఇంకేం కావాలి?

నాకు ఒళ్ళు మండిపోయింది. బండి దిగుతున్న మనిషిని దిగనివ్వకుండా అడిగాను.

“ఏటయ్యా, నా గోడకేటి సేసినావు?”

“నానేటి సేసేనమ్మా?”

“నీ సేపల ఉప్పు గోడంతా తాగేసింది. కాగితంలో ఏటి రాసుందో గుర్తుందా? సరుకు వల్ల సెడితే నువ్వే కట్టాల.”

అతను పెరట్లోకి వచ్చి గోడ చూశాడు. చేత్తో తడిమాడు. మళ్ళీ లోపలికి వెళ్ళి చూసి వచ్చాడు. “లోనేపు బాగానే ఉందమ్మా. పాడైనాది బయటేపు. నా బుట్టలు మూరెడు దూరంలో ఉన్నాయి కదా, గోడని తగిల్తే గదా” అన్నాడు.

“ఉప్పుకి కాళ్ళు లేవనుకున్నావా?” అన్నాను.

పెద్దమనుషులిద్దరూ వచ్చారు. వానలకు ఇంకా నెలన్నరే ఉంది. ఈ గోడతో తొలకరి దాటదని వాళ్ళూ ఒప్పుకున్నారు. తప్పెవరిదన్నదే తేలాలి. అతను మంచె చూపించాడు, ఎడం చూపించాడు, లోపలివైపు గోడ మీద అరచేత్తో కొట్టి చూపించాడు. పెద్దమనుషుల్లో ఒకాయన గడ్డం గోక్కున్నాడు. వాళ్ళు అతని వైపు మొగ్గుతున్నారని నాకు తోచింది. రాత్రే వీళ్ళకు చేపల బుట్ట అందిందేమో అని కూడా అనుకున్నాను. గోడ ఖర్చు నా మీద పడితే నా గతేమిటి?

“తడి బుట్టలు బయటేపు గోడకి ఆనించి ఆరబెడతన్నాడు” అన్నాను. ఎలా వచ్చిందో నోట్లోంచి వచ్చేసింది.

పెద్దమనిషి నా వైపు తిరిగాడు. “నువ్వు కళ్ళారా సూసినావా అమ్మా?”

“సూసినాను.”

చూడలేదు. ఒక్కనాడూ చూడలేదు. కానీ అతను అలాంటివాడేనని అప్పుడు గట్టిగా నమ్మాను. ఇవాళ కాకపోతే రేపైనా చేస్తాడు, నేను చూడనప్పుడు చేసే ఉంటాడు అనుకున్నాను. అనుమానం అంత దూరం పోయాక కళ్ళతో చూసినట్టే ఉంటుంది. అతని భార్య “ఓలమ్మో, దేముడున్నాడు” అంది. అతను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. గోడ అతనే కట్టించాలని తీర్పైంది. ఇంకో కొట్టు దొరికేవాడైతే ఆ పూటే వెళ్ళిపోయేవాడేమో. వానాకాలం నెత్తిమీదికొస్తోంది, చేపలు పెట్టుకోవడానికి వేరే దిక్కు లేదు. ఒప్పుకున్నాడు.

నెల తిరిగేసరికి కూలి డబ్బు కూడగట్టుకుని, గోడలు పెట్టే ముసలాయన్ని కోటబొమ్మాళి నుంచి పిలిపించాడు. తెల్లటి కనుబొమలు, వంకర వేళ్ళు. ఆయన చేతిలో ఈ చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళు లేచాయో ఆయనకే తెలియదు. నేను ముందే చెప్పేశాను. పుట్టమన్నే వాడాలి, మంచినీళ్ళతోనే తొక్కాలి, ఉప్పుబావి నీళ్ళు ఒక్క చుక్క పడకూడదు. మట్టిగోడకు ఉప్పునీళ్ళు పనికిరావని కట్టేవాళ్ళు అనడం నా చెవిన పడి ఉంది. అలికే నీళ్ళ గురించి ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు. అందుకని మంచినీళ్ళు అతని భార్యే మోయాల్సొచ్చింది. పొలాలు దాటి, మండుటెండలో, తలమీద ఒక బిందె, చంకలో ఒకటి. నేను అరుగు మీద కూచుని, ఎటు నుంచి వస్తోందో చూస్తుండేదాన్ని. దగ్గర బావిలో తోడేసి దూరం నుంచి తెచ్చినట్టు నటిస్తుందేమోనని కళ్ళలో ఒత్తులేసుకుని చూశాను.

మొదటి రోజు పాత గోడ పడగొట్టారు. ముసలాయన ఒక పెళ్ళ చేతిలోకి తీసుకున్నాడు. విరిచాడు. లోపలివైపు మట్టి నాలిక మీద వేసుకున్నాడు, ఉమ్మేశాడు. నడిమి మట్టి వేసుకున్నాడు, ఉమ్మేశాడు. బయటివైపు మట్టి వేసుకుని మొహం వికారంగా పెట్టాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఇతన్ని కూడా లోబరుచుకున్నారు, ఏదో నాటకం మొదలవుతోంది అనుకున్నాను.

మధ్యాహ్నం అందరూ అన్నాలకు వెళ్ళాక ఆయన నా దగ్గరికి వచ్చాడు.

“తల్లీ, ఓ మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఈ గోడ బయటేపు ఎవులు అలుకుతారు?”

“నానే.”

“ఎన్నాళ్ళకోపాలి?”

“వారానికి. ఈ మధ్య వారానికి రెండు పాల్లు.”

“ఏ నీళ్ళతో?”

ఉప్పుబావి వైపు నా కళ్ళే పోయాయి.

ఆయన తల ఊపాడు. “లోన తీపి, నడుమ తీపి. బయటేపు ఒక్క జానెడే ఉప్పు. అదీ నీ సెయ్యి అందినంత ఎత్తే. సేపల ఉప్పయితే లోనేపు ముందు సచ్చిపోవాల. ఏడాదికి రెండు పాల్లు అలికితే ఏటీ కాదు తల్లీ. వారం వారం ఉప్పునీళ్ళు తాగిత్తే గోడ ఎన్నాళ్ళు తాగుతాది?” తుండుగుడ్డతో నోరు తుడుచుకున్నాడు. “నాను కూలోణ్ణి. సెప్పడం, మానడం నీ ఇట్టం” అని పనిలోకి వెళ్ళిపోయాడు.

ఆ గోడను కంటికి రెప్పలా కాచుకున్నాననుకున్నాను. నా చేత్తో నేనే తినిపించి చంపాను. అంతా ఎందుకు? గోడకు చెవి ఆనించి, లోపల ఆలుమగలు ఏం మాట్లాడుకుంటున్నారో వినడానికి. తలుచుకుంటే ఇప్పటికీ మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

మా అత్త తలుపు వెనక నుంచి అంతా విన్నది. నన్ను లోపలికి లాగింది. ఇన్నాళ్ళూ నా అనుమానాన్ని ఎగతాళి చేసిన మనిషేనా అనిపించింది. “నోరు ముయ్యి” అంది. “గోడ లెగుత్తంది కదా, లెగనీ. నువ్వు నోరిప్పితే ఆ కూలి ఎవులిత్తారు? నీ బాబొచ్చి ఇత్తాడా? వానల్లో మనం ఎక్కడ పడుకుంతాం?” నాకూ అదే భయం. నోరు మూసుకున్నాను.

మట్టిగోడ ఒక్కరోజులో లేవదు. మూరెడెత్తు పెట్టి, అది బిగిశాక మళ్ళీ మూరెడు. నాలుగు రోజులు అలాగే అరుగు మీద కూచున్నాను. గోడ పెరిగేకొద్దీ నా లోపల ఏదో కుంగిపోయింది. నాలుగో రోజు పొద్దెక్కాక అతని భార్య నీళ్ళు తెస్తూ మా అరుగు దగ్గర ఆగింది. చెమటకు రవిక ఒంటికి అంటుకుపోయింది. చంకలో బిందె దించి, నా మొహం చూసి, “ఏటమ్మా అలాగున్నావు, ఎండ తగిలిందేటి? నీళ్ళు తాగుతావా? ఇప్పుడే తోడినాను, తీపిగున్నాయి” అంది. దోసిలి పట్టమని బిందె వంచింది. దొంగసాక్ష్యం చెప్పి తన చేత బండచాకిరీ చేయిస్తున్నదానికి నీళ్ళు పోస్తానంటోంది. నాకు ఏడుపు ఆగలేదు. తాగకుండా లేచి పెరట్లోకి వెళ్ళాను.

అతను మోకాళ్ళ దాకా మట్టిలో నిలబడి తొక్కుతున్నాడు. ముసలాయన చివరి వరస పెడుతున్నాడు.

“గోడ సెడగొట్టినాది నీ సేపలు కాదు” అన్నాను. “నానే. ఉప్పుబావి నీళ్ళతో అలికేను. తడి బుట్టలు నాను సూడనేదు. సూసినానని అబద్దమాడేను. ఈ గోడ కరుసు నానిచ్చుకుంతాను, అద్దెలో తగ్గించుకో.”

అతను తొక్కడం ఆపాడు. సంతోషిస్తాడని కాదు, తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. అతను నన్ను కిందనుంచి పైకి చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. నేను మూడేళ్ళ పైగా అతన్ని చూసిన చూపే.

“ఎందుకు సెప్తన్నావమ్మా ఇది?” అన్నాడు మెల్లగా. “ఇప్పుడేటి గావాల నీకు? గోడ లెగిసినాది కదా, నన్ను కాళీ సెయ్యమంటావా? ఇంకెవులైనా ఎక్కువిత్తామన్నారా?”

“ఏటీ వద్దు. నిజం సెప్తన్నాను.”

“నిజమా?” అతను నవ్వలేదు కూడా. “నిచ్చెనెక్కి ఆకులు లెక్కెట్టినదానివి. నా పెళ్ళాం ఏ బావిలో తోడతందో సూడ్డానికి అరుగు దిగకుండా కూకున్నదానివి. నువ్వు ఊరికే కరుసు ఇచ్చుకుంతావా?”

ముసలాయన గోడ మీదనుంచి అన్నాడు, “నిజమే బాబూ. నాను నాకి సూసినాను. బయటేపే ఉప్పు.”

“ఎప్పుడు సూసినావు?”

“పడగొట్టిన్నాడే.”

“నాలుగు రోజులైనాదా? మరి నాకు సెప్పనేదేటి?”

ముసలాయన నా మొహం చూసి తలదించుకున్నాడు. మేమిద్దరం కూడబలుక్కుని ఏదో ఎత్తు వేస్తున్నామని అతనికి అప్పుడు పూర్తిగా ఖాయమైపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. నమ్మించడానికి ఒక్కటే దారి కనిపించింది. “పద, పెద్దమనుసుల ముందే సెప్తాను” అన్నాను. అతను రానన్నాడు. నేనే వాళ్ళను పిలుచుకొచ్చాను.

అదే పడమటి గోడ దగ్గర, అందరూ వింటుండగా, మళ్ళీ మొదటినుంచి చెప్పాను. నీళ్ళ సంగతి చెప్పాను. అబద్ధం సంగతి చెప్పాను. పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ కలిసి అతని వైపు తిరిగారు.

“ఏటి సేసినావురా ఈవిడిని? ఒంటరి ఆడదని బెదిరించినావా?”

“నాను నోరిప్పనేదు బాబూ” అన్నాడు అతను.

“గోడ కట్టినట్టు కట్టి, ఆ కరుసు ఎనక్కి లాక్కుందారని సూత్తన్నావేటి? మా తీర్పు మార్పిత్తావా?”

నేను అరిచాను. నన్నెవరూ బెదిరించలేదన్నాను. ఒట్టేశాను. పెద్దాయన నన్ను చూసి జాలిగా తల ఊపాడు. “నీకు తెల్దమ్మా. నువ్వు పిచ్చిదానివి, ఎవులేటి సెప్పినా నమ్మేత్తావు” అన్నాడు. ఆ మాట నాకు! మా అత్త బయటికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. “మా కోడలికి నాలుగు రోజులనుంచీ ఎండదెబ్బ బాబూ, ఏటేటో పేల్తంది” అంది. వాళ్ళు నమ్మారు. ఇంకోసారి మా పెరట్లో అడుగుపెడితే సహించేది లేదని చేపలవాడికి చెప్పి వెళ్ళిపోయారు.

అతను కాళ్ళ మట్టి కడుక్కున్నాడు. కోపం లేదు మొహంలో, అలుపే ఉంది.

“నన్నొగ్గెయ్ అమ్మా” అన్నాడు. “నువ్వు అబద్దమాడినా తప్పు నా మీదకే వచ్చినాది, నిజం సెప్పినా నా మీదకే వచ్చినాది. ఇంక నాను నీ గోడ పక్కన ఉండనేను.”

మర్నాడు పొద్దున బండి కట్టి బుట్టలన్నీ ఎక్కించాడు. సముద్రం వైపు మబ్బు కమ్ముకొస్తోంది. ఈ వానలో సరుకు ఎక్కడ పెడతావని అడిగాను. “ఒడ్డున. తాటాకులు కప్పుకుంతాం” అన్నాడు. తడిసి కుళ్ళిపోతాయి, వానలు వెళ్ళేదాకా ఉండమని బతిమాలాను. అద్దె వద్దన్నాను. వద్దన్నందుకు మళ్ళీ ఒకసారి అదే చూపు చూశాడు. అతని భార్య మాత్రం బండి కదిలాక వెనక్కి తిరిగి నా వైపు చూసింది.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. ఒడ్డున చేపల బుట్టలు పురుగులు పట్టి, తీసుకెళ్ళి సముద్రంలో పారబోశారని బండ్లవాళ్ళ నోట విన్నాను. ఎవరివని అడగలేదు. ఇక్కడ పడమటి గోడ మీద ఒక్క పెచ్చు ఊడలేదు. లోపల పెట్టడానికి ఎవరూ రాలేదు.